తొట్టి కారడం లేదు

వంకలు పెట్టడంలో వాషరు మామగారిని మించినవాళ్ళు లేరు. ఆయనకది ఉద్యోగధర్మం. ముప్పై మూడేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, బజారులో ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు త్రాసులు బుద్ధిగా నిలబడతాయని పేరు తెచ్చుకున్న మనిషి. రిటైరైన రోజున తోటివాళ్ళు ముచ్చటపడి గోడగడియారం బహుమతిగా ఇస్తే, అది నిమిషంన్నర వెనక నడుస్తోందని వేదిక మీదే చెప్పి దిగాడు.

అలాంటి మనిషి నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం భార్యతో కలిసి చర్చికి వస్తున్నాడు. మూడో బెంచీలో కూర్చుంటాడు. పాటలు పాడతాడు. ప్రసంగం ఎన్ని నిమిషాలు నడిచిందో చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు.

ఆ చర్చిలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు. మనిషిని నీళ్ళలోకి దింపి, పూర్తిగా ముంచి, లేపాలి. అలా మునిగి లేచినవాళ్ళకే నెలకోసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూడాలి. ఆ పళ్ళెం మూడో బెంచీకి వచ్చే వేళకు ఇన్‌స్పెక్టరుగారు ఏదో పనున్నట్టు లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. ఆయన భార్య ఒక్కతే తీసుకునేది.

అడిగితే కారణాలు లేకపోలేదు. మొదట్లో చర్చివాళ్ళు బాప్తిస్మాలకు ఏటికి వెళ్ళేవాళ్ళు. "ఆ ప్రవాహం వేగమెంతో ఎవరైనా కొలిచారా?" అన్నాడు. ఆ తరువాత అవతలి వీధి చర్చివాళ్ళ తొట్టి అడిగి పుచ్చుకున్నారు. ఈయన వెళ్ళి చూసొచ్చి, "ఒక మెట్టు అయిదంగుళాలు, పక్క మెట్టు ఏడు. అది తొట్టా, ఉచ్చా?" అన్నాడు. ఒక ఏడు జలుబు, ఒక ఏడు మోకాలు. వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందంటారు. ఈయనకు డొంక దాకా వెళ్ళాల్సిన పనే పడలేదు, ఉన్నచోటే కావలసినన్ని వంకలు దొరికేవి.

చివరికి చర్చివాళ్ళు సొంత తొట్టి కట్టుకోవాలని తీర్మానించారు. గొట్టాల పని ఇన్‌స్పెక్టరుగారి అల్లుడికి అప్పగించారు.

అల్లుడు ప్లంబరు. ఎవరింట్లో ఏ కుళాయి కారినా, ఏ మోటారు మొరాయించినా, వెళ్ళి చూసి, "ఏం లేదండీ, వాషరు పోయింది" అంటాడు కాబట్టి ఊళ్ళో అందరూ అతన్ని వాషరు అనే పిలుస్తారు. పని మంచిదే. కాకపోతే ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, అతను అత్తింట్లోనే ఓడాడు. పదకొండేళ్ళ కిందట మామగారి స్నానాలగదికి కుళాయిలు బిగిస్తూ వేణ్ణీళ్ళది కుడివైపు, చన్నీళ్ళది ఎడమవైపు పెట్టాడు. మర్నాడు పొద్దున్న మామగారు అలవాటు కొద్దీ ఎడమ కుళాయి వేణ్ణీళ్ళదనుకుని, చల్లబరచుకుందామని కుడిది బాగా తిప్పాడు. వీపు కాలింది. వీపు వారంలో మానిందిగాని మాట మానలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "మా అల్లుడండీ, కుడిఎడమలు తప్ప అన్నీ తెలుసు" అని పరిచయం చేసేవాడు.

అందుకే తొట్టిపని అల్లుడిదని తెలియగానే మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరువాత ఒక కాగితం అడిగి, అందమైన చేతిరాతతో షరతులు రాశాడు. తొట్టి లోతు నాలుగు అడుగులు ఉండాలి. మెట్లు ఎనిమిది, ఒక్కోటి ఆరంగుళాలు, ఎనిమిది ఆరులు నలభై ఎనిమిది. నీళ్ళు నలభై అంగుళాల గీత దగ్గర నిలవాలి. వేడి ముప్పై నాలుగు డిగ్రీలు. ఇరవై నాలుగు గంటలు నిలవబెట్టినా గీత నుంచి కిందికి జారకూడదు. ఇవన్నీ సరిపోతే నేను దిగుతాను అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

ఆయన లెక్క ఒక్కటే. అల్లుడి చేతిలో ఇవన్నీ సరిపోవు.

అత్తగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన బైబిల్లో దాచుకుంది.

పని మొదలైంది. వేదిక మీద ప్రసంగపీఠం వెనక చెక్కలు ఊడదీసి, గొయ్యి తవ్వి, మేస్త్రి ఇనుప చువ్వలు అల్లి కాంక్రీటు పోశాడు. నీళ్ళు పీల్చకుండా మూడు పూతలు పూసి, పైన టైల్సు అతికించాడు. వాషరు నింపడానికొక గొట్టం, అడుగున ఖాళీ చెయ్యడానికొకటి, మట్టం మించితే అదనపు నీళ్ళు బయటికి పోవడానికి అంచు దగ్గరొకటి వేశాడు. పక్కగదిలో హీటరు, నీళ్ళను తిప్పే చిన్న మోటారు బిగించాడు. ఈసారి వేడి గొట్టానికి ఎర్ర రంగు, చల్లదానికి నీలం రంగు పూసి, చాలదన్నట్టు రెండింటి మీదా పెద్దక్షరాలతో రాసి పెట్టాడు.

రోజూ తొమ్మిదయ్యేసరికి మామగారు టేపు, ఉక్కు స్కేలు, రసమట్టం పట్టుకుని హాజరు. మేస్త్రికి ఆయన్ని చూస్తే చేతిలో తాపీ వణికేది.

"నాలుగో మెట్టు ఆరుంపావు ఉంది" అన్నాడొక రోజు.

"పావంగుళం ఎవరికి తెలుస్తుంది సారూ?" అన్నాడు మేస్త్రి.

"కాలికి తెలుస్తుంది."

మేస్త్రి మెట్టు పగలగొట్టి మళ్ళీ పోశాడు. ఆయన అటు వెళ్ళగానే వాషరు చెవిలో, "మీ మామగారు ఎప్పుడు మునుగుతారోగానీ బాబూ, నా ప్రాణం మాత్రం ఇప్పుడే గొంతు దాకా వచ్చింది" అన్నాడు.

"నా ప్రాణం పదకొండేళ్ళ నుంచీ అక్కడే ఉంది మేస్త్రీ" అన్నాడు వాషరు.

తొట్టి ఆరింది. నీళ్ళు పెట్టే రోజు వచ్చింది. నిండడానికి అయిదు గంటలు పట్టింది. నలభై అంగుళాల దగ్గర, మెట్లకు ఎదురుగా ఉన్న గోడ టైలు మీద మామగారు స్వయంగా పెన్సిలుతో గీత గీశాడు. నీళ్ళు గీతను ముద్దుపెట్టుకున్నట్టు నిలిచాయి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళి చూశారు. నీళ్ళు గీతకు అంగుళంన్నర కింద ఉన్నాయి.

"కారుతోంది" అన్నాడు మామగారు. ఆ మాట అంటుంటే ఆయన ముఖం ఎంత తేటపడిందో వాషరు గమనించాడు. అల్లుడు తప్పు చేసినందుకు సంబరమనుకుని మనసులో కుతకుతలాడిపోయాడు.

తొట్టి ఖాళీ చేశారు. వాషరు లోపలికి దిగి టార్చిలైటు పెట్టి ప్రతి అతుకూ చూశాడు. అడుగు గొట్టం వాల్వు మార్చాడు. టైల్సు సందులన్నీ గీకి మళ్ళీ నింపాడు. వాషరు పోయిందని తప్పించుకోవడానికి వీల్లేదు, వాషర్లన్నీ కొత్తవే. మళ్ళీ నింపారు. మళ్ళీ అంగుళంన్నర. తొట్టి చుట్టూ నేల మాత్రం ఎండిన రొట్టెలా పొడిగా ఉంది. నీళ్ళు పోతున్నాయి, ఎటు పోతున్నాయో తెలియదు. వాషరుకు నిద్రలో కూడా ఆ గీతే కనిపించసాగింది.

"రెండు పరీక్షలు తప్పావు" అన్నాడు మామగారు. "మూడోది కూడా తప్పితే నేనిక ఈ తొట్టి సంగతి ఎత్తను. మీరూ ఎత్తకండి. కాగితం చింపెయ్యమని మీ అత్తయ్యకు చెబుతున్నా."

ఆ మధ్యాహ్నం అత్తగారు ఒక్కతే చర్చికి వచ్చింది. వాషరు ఖాళీ తొట్టిలో మోకాళ్ళ మీద వంగి గోడను తడుతూ చప్పుడు వింటున్నాడు. ఆవిడ పైన మెట్టు మీద కూర్చుంది.

"బాబూ, ఒక మాట చెప్పనా? నవ్వకూడదు" అంది.

"చెప్పండి అత్తయ్యా."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నిటికీ ఇద్దరం కలిసే వెళ్ళాం. చావులకి, పురుళ్ళకి, ఆస్పత్రికి, బ్యాంకుకి. ఆ బల్ల దగ్గరే నేను ఒంటరిదాన్ని. పళ్ళెం వచ్చేసరికి ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఖాళీ చోటుని పక్కన పెట్టుకుని రొట్టె నోట్లో పెట్టుకుంటా. నలభై ఏళ్ళు ప్రార్థన చేశాను బాబూ. ఇక నాకు పెద్ద కోరికలు లేవు. ఒక్కసారి పక్కన కూర్చుని తీసుకుంటే చాలు." ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. "ఆయన మాటంటే మాటే. సంతకం పెట్టాడంటే దిగుతాడు. నువ్వు ఆ గీత ఒక్కటి నిలబెట్టు."

వాషరు నవ్వలేదు. తల ఊపాడు. పదకొండేళ్ళలో ఆవిడ అతన్ని ఏదీ అడగలేదు. కుళాయిల గొడవలో కూడా, "పోనీలెండి, వేణ్ణీళ్ళేగా" అని వెనకేసుకొచ్చిన మనిషి.

మూడోసారి నింపేటప్పుడు వాషరు ఒక ఉపాయం చేశాడు. నీళ్ళలో నీలిరంగు ఒక సీసా కలిపాడు. ఎక్కడ కారుతుంటే అక్కడ నీలిమరక పడుతుంది, దొంగ దొరుకుతాడు. సరిగ్గా గీత దాకా నింపి, దేవుడి మీద భారం వేసి ఇంటికెళ్ళాడు.

పొద్దున్నే తలుపు తీసి చూశాడు. నీళ్ళు అంగుళంన్నర తగ్గాయి. తొట్టి చుట్టూ మరక లేదు. గొట్టాల దగ్గర మరక లేదు. చర్చి మాత్రం నీలంగా ఉంది. గుమ్మం నుంచి వేదిక దాకా నేలంతా నీలం, వరండా మెట్లు నీలం. కుండీల్లో మొక్కల మొదళ్ళు నీలం. ప్రసంగపీఠం మీద తెల్లగుడ్డ నీలం. వెనక తీగ మీద, బాప్తిస్మానికని కొత్తగా కుట్టించిన తెల్లటి అంగీలు ఆరు వరసగా ఆరేసి ఉన్నాయి. ఆరూ ఆకాశం రంగు.

చర్చి ఊడ్చే పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వాటినే చూస్తోంది.

"రా నాయనా, రా! నీళ్ళలో ఏం కలిపావయ్యా? ఎంత తుడిచినా నేల ఇంకా మురికవుతోంది!"

"పెద్దమ్మా," అన్నాడు వాషరు, "నువ్వు తొట్టిలో నీళ్ళు తోడుతున్నావా?"

"తోడనా మరి? తెల్లారగట్ల వెనక కుళాయికి సన్నటి ధార, బకెట్టు నిండేసరికి నా వయసు నిండుతుంది. ఇక్కడేమో గదంత తొట్టెడు నీళ్ళు ఊరికే కూర్చున్నాయి. మీరెలాగూ పారబోస్తున్నారు. ఏడెనిమిది బకెట్లు తోడితే పాపమా?"

"మూడుసార్లూ తోడావా?"

"మురికి ప్రతిసారీ ఉంటుంది కదయ్యా!"

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వాషరు అక్కడే నీలం నేల మీద చతికిలబడి, కాసేపు నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ చేశాడు. పెద్దమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అవీ నీలంగానే ఉన్నాయి.

తోడిన నీళ్ళు కారిన నీళ్ళ లెక్కలోకి రావని మామగారు ఒప్పుకోక తప్పలేదు. తొట్టి కడిగి నాలుగోసారి నింపారు. ఈసారి పెద్దమ్మనే కాపలా పెట్టారు. ఆవిడ ఆ బాధ్యత ఎంత నిష్ఠగా నిర్వహించిందంటే, పాస్టరుగారు చేతివేళ్ళు తడుపుకోబోతే చీపురు అడ్డం పెట్టింది. మర్నాడు మామగారు వచ్చి, వేదిక మీద బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి గీతను చూశాడు. చాలాసేపు చూశాడు.

"తగ్గలేదు" అన్నాడు చివరికి. డాక్టరు చెడువార్త చెప్పినట్టు చెప్పాడు.

తొట్టి కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు. బాప్తిస్మాల ఆదివారానికి ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ వాషరు తొట్టి చుట్టూ తల్లిలా తిరిగాడు. ఖాళీ చేసి మూతపెడితే, చోటు దొరికింది కదా అని పాటల బృందంవాళ్ళు గొడుగులు, చెప్పులు, విరిగిన తబలా అందులో దాచారు. తీయించాడు. నీళ్ళు నింపి ఉంచితే దోమలు గుడ్లు పెట్టాయి. మందు వేశాడు. నీళ్ళు వేడెక్కడానికి ఇరవై గంటలు పడుతుందని హీటరు ముందురోజే వేస్తే, కరెంటు వృథా అని ఎవరో పుణ్యాత్ములు కట్టేశారు. స్విచ్చి మీద "ముట్టుకోవద్దు" అని రాసిన కాగితం అతికించాడు. ముట్టుకుంటే ఏమవుతుందోనని ముగ్గురు ముట్టుకుని చూశారు. చివరికి స్విచ్చికి పెట్టె బిగించి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. వాషరు భార్య, "నా పుట్టినరోజు గుర్తుండదుగానీ తొట్టి వేడి మాత్రం నోటికొచ్చు" అని సాధించింది.

ఆదివారం రానే వచ్చింది. చర్చి కిక్కిరిసింది. ఇన్‌స్పెక్టరుగారు దిగుతున్నారట అన్న వార్త విని, ఎన్నాళ్ళుగానో రానివాళ్ళు కూడా వచ్చారు. పాస్టరుగారు పొట్టిగా, లావుగా, గొంతు మాత్రం ఇద్దరి పెట్టు ఉండే మనిషి. నీలం అంగీల గురించి జనం గుసగుసలాడేలోగా, "ఆకాశం రంగు పరలోకానికి గుర్తు" అని ప్రకటించేసి తొట్టిలోకి దిగాడు.

మొదట ఇద్దరు కుర్రవాళ్ళు మునిగి లేచారు. మూడోవాడు మామగారు. ఆకాశం రంగు అంగీలో తెర వెనక నుంచి మెట్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఉక్కు స్కేలు, మెడలో తాడుకు వేలాడుతూ థర్మామీటరు. కుర్రవాళ్ళకు ముందే, పాస్టరుగారు కూడా దిగకముందే అన్నీ చూసుకున్నాడు. లోతు సరిపోయింది, గీత సరిపోయింది. థర్మామీటరు ముప్పై నాలుగు చూపించింది. దాన్ని దులిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ముప్పై నాలుగే. ఎనిమిది మెట్లూ ఆరేసి అంగుళాలే.

వంకలన్నీ అయిపోయాయి.

వాషరు తొట్టి అంచున, తెర చాటున, వాల్వు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాస్టరుగారు నీళ్ళలోంచి చెయ్యి చాచాడు. మామగారు కదల్లేదు. పాస్టరుగారు చిరునవ్వు నవ్వి, ఇంకాస్త చాచాడు. మామగారి కాలివేళ్ళు మెట్టు అంచును పక్షిగోళ్ళలా పట్టుకున్నాయి. వాషరు తల పైకెత్తి చూశాడు. ఆయన గడ్డం వణుకుతోంది.

"ఏమైంది మామయ్యా?" అన్నాడు గుసగుసగా.

"నా వల్ల కాదయ్యా" అన్నాడాయన. ఆ గొంతు వాషరు ఎప్పుడూ వినలేదు. "భయం. ఆరేళ్ళప్పుడు బావిలో పడ్డాను. నెత్తి మీద నీళ్ళు మూసుకోవడం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఇంతమందిలో ఇప్పుడెలా చెప్పను? ఏం చెయ్యమంటావు?"

వాషరుకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఏటి ప్రవాహం, అయిదంగుళాల మెట్టు, జలుబు, మోకాలు. తొట్టి కారుతోందన్నప్పుడు తేటపడిన ఆ ముఖం. అల్లుడు ఓడినందుకు కాదు ఆ సంబరం, ఇంకో రోజు బతికి బయటపడ్డానని. ముసలాయన మీద పదకొండేళ్ళుగా పేరుకున్న కోపం అతనికి ఆ క్షణంలో ఎక్కడ వెతికినా దొరకలేదు. జాలేసింది. మూడో బెంచీలో అత్తగారు ముందుకు వంగి చూస్తోంది. ఇంకో నిమిషం అయితే ఆయన పరువు ఈ మెట్ల మీదే పోతుంది.

వాషరు లేచి తెర పక్కకు లాగి నిలబడ్డాడు.

"క్షమించండి," అన్నాడు గట్టిగా, చర్చంతా వినబడేలా. "ఈవేళ కుదరదండీ. తొట్టి కారుతోంది. నా పనే సరిగ్గా లేదు. ఇప్పుడే చూశాను."

జనంలో ఒక్కసారిగా కలకలం. "మళ్ళీనా?" అని ఎవరో. "ముందే అనుకున్నాం, అతనికి పెద్ద పనులు చేతకావు" అని ఇంకెవరో. వాషరు భార్య కొంగుతో ముఖం కప్పుకుంది. పెద్దమ్మ, "నేను తోడలేదు! ప్రమాణం! నేను తోడలేదు!" అని వెనకనుంచి కేక పెట్టింది. వాషరు తల వంచుకున్నాడు. నాలుగు నెలల కష్టం, పడిలేచి సంపాదించుకున్న పేరు అంతా ఆ ఒక్క అబద్ధంతో అడుగు గొట్టంలోంచి పోయిందని అతనికి తెలుసు. పోనీ అనుకున్నాడు. ముసలాయన మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు, అంతే చాలు.

ముసలాయన వెనక్కి తిరగలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు.

"కారుతోంది మామయ్యా."

"ఎంత కారుతోంది?"

వాషరు తడబడ్డాడు. "గంటకు... ఒక అంగుళం."

"గంటకు అంగుళమా!" మామగారి కంఠం ఖంగుమంది. బజారులో త్రాసులను నిలబెట్టిన కంఠం అది. "ఎనిమిదింటికి చూశాను నేను. పదింటికి, పాస్టరుగారు దిగేముందు మళ్ళీ చూశాను. గీత మీదే ఉన్నాయి, వెంట్రుకంత తేడా లేదు. ఎవరితో చెబుతున్నావయ్యా ఈ తప్పుడు లెక్క? ఈ తొట్టి కారడం లేదు!"

"లేదు మామయ్యా, నిజంగానే..."

"నోర్ముయ్! ఇంత నికార్సయిన పని చేసి, చేసినవాడివే దానికి మచ్చ పెడతావా? చూపిస్తా ఉండు!"

చూపించాలంటే గీత ఎదురు గోడ మీద ఉంది. ఆయన దిగాడు. ఒకటి, రెండు, మూడు మెట్లు, స్కేలు గాలిలో ఊపుకుంటూ దిగాడు. ఆకాశం రంగు అంగీ నీళ్ళలో గొడుగులా విచ్చుకుంది. ఎనిమిది మెట్లూ అయిపోయాయి. పాస్టరుగారిని పక్కకు నెట్టి, నీళ్ళను చీల్చుకుంటూ ఎదురు గోడ దగ్గరకు వెళ్ళి, మణికట్టు దాకా నీళ్ళలో ముంచి టైలు మీద వేలు పెట్టాడు.

"ఇదిగో గీత! నీళ్ళ కింద ఉంది! కారితే పైకి తేలాలి కదా! మేం ఇద్దరం దిగాం కాబట్టి మట్టం ఇంకా పెరిగింది. వచ్చి చూడండి! ఎవరికి అనుమానముంటే వాళ్ళు వచ్చి చూడండి!"

ఎవరూ వెళ్ళలేదు. పాస్టరుగారు తన జీవితంలో మొట్టమొదటిసారి చిన్న గొంతుతో, "ఇన్‌స్పెక్టరుగారూ, మీరు నీళ్ళలో ఉన్నారు" అన్నాడు.

మామగారు కిందికి చూసుకున్నాడు. నీళ్ళు పొట్ట దాటి ఉన్నాయి. రంగు పోయింది ముఖంలో. స్కేలు చేతిలోంచి జారి మునిగింది. చెయ్యి గాలిలో దేన్నో వెతికింది. అంచున వంగిన వాషరు చెయ్యి అందించాడు. ఆయన దాన్ని పట్టుకున్న పట్టుకు ఎముకలు కటకటలాడాయి.

"నేనున్నాను మామయ్యా" అన్నాడు వాషరు. "వదలను."

మూడో బెంచీలోంచి అత్తగారు ఎప్పుడు లేచిందో, తొట్టి అంచు దాకా వచ్చి నిలబడింది. ఆయన ఆవిడ ముఖం వంక చూశాడు. చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నమ్ముతున్నారా?" అని అడిగాడు పాస్టరుగారు.

"నమ్ముతున్నాను. తొందరగా కానివ్వండి, మనసు మారేలోగా."

పాస్టరుగారు అనుభవజ్ఞుడు. ఇంకో మాటకు తావివ్వకుండా ముంచాడు. మామగారు మునిగాడుగానీ అల్లుడి చెయ్యి వదల్లేదు. కాబట్టి వాషరు కూడా, చొక్కాతో, జేబులో ఫోనుతో, మొలతాడుకున్న తాళంచెవితో సహా తలకిందులుగా తొట్టిలో పడ్డాడు. కెరటం లేచింది. అదనపు నీళ్ళన్నీ అంచు గొట్టంలోంచి గలగలమంటూ బయటికి పోయాయి. వేదిక మీద ఒక్క చుక్క పడలేదు. మేస్త్రి వెనక బెంచీలో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మామాఅల్లుళ్ళు ఒకేసారి తలలు పైకెత్తి, దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. వాషరుకు బాప్తిస్మం ఎప్పుడో అయింది; ఇది రెండోదిగా లెక్కలోకి వస్తుందా రాదా అని సంఘపెద్దలు తరువాత రెండు సమావేశాల్లో చర్చించారు.

ఆరాధన చివర ప్రభువు బల్ల. పొడి బట్టలు కట్టుకుని, తడి జుట్టుతో మామగారు మూడో బెంచీలో కూర్చున్నాడు. ఆయనకు ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క ఎవరి చొక్కానో తొడుక్కున్న వాషరు. పళ్ళెం మొదటి బెంచీ దాటి రెండో బెంచీకి వచ్చింది. అలవాటు చొప్పున ఆయన మోకాళ్ళు లేవబోయాయి. అత్తగారు ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. కూర్చున్నాడు.

అల్లుడి వైపు కొద్దిగా వంగాడు.

"నిజంగా కారుతోందనుకున్నావా?" అని అడిగాడు, పెదవులు కదలకుండా.

వాషరు ఆలోచించి, "లేదు మామయ్యా" అన్నాడు.

ఆయన చూపు ముందుకే ఉంచాడు. "ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు తూకాన్ని వదిలిపెట్టినవాణ్ణి కాదు" అన్నాడు. "ఇదొక్కటీ వదిలేస్తున్నా."

"మాటలాపి ప్రార్థన చెయ్యండి" అంది అత్తగారు.

పళ్ళెం వచ్చింది. ఆయన ఒక ముక్క తీసుకున్నాడు, పక్కవాళ్ళ ముక్కల కన్నా చిన్నదేమోనని చూడకుండా తీసుకున్నాడు. ఆవిడ తీసుకుంది. కళ్ళనీళ్ళకు రొట్టె ఎక్కడుందో కనబడక ఆవిడ చెయ్యి నోటి దాకా వెళ్ళడానికి ఆలస్యమైంది. ఆయన ఆగాడు. ఆవిడ నోట్లో పెట్టుకునేదాకా ఆగి, అప్పుడు తను పెట్టుకున్నాడు.